అన్నం ఎట్టా మింగుతున్నాడంట?

2012 సెప్టెంబరు 11వ తేదీ రాత్రి చెన్నైలో, ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల మేము నెల అద్దెకు తీసుకున్న ఒంటి గదిలో, మా మేనమామ గోడకు ఆనుకుని కూర్చుని టీవీ చూస్తున్నారు. అదే ఊళ్ళో, చేపాక్ మైదానంలో, భారత్, న్యూజిలాండ్ జట్ల మధ్య ఇరవై ఓవర్ల ఆట జరుగుతోంది. ఛాతీలో పుట్టిన క్యాన్సర్ కణితికి అమెరికాలో చికిత్స చేయించుకుని వచ్చిన యువరాజ్ సింగ్ మళ్ళీ భారత జట్టు తరఫున బ్యాటు పట్టిన రోజది. అతను మైదానంలోకి నడిచి వస్తుంటే జనం లేచి నిలబడి కేకలు పెడుతున్నారు. మామయ్యకు బుగ్గ లోపలి క్యాన్సర్. ఆపరేషన్ అయింది, మా వైపు అందరూ కరెంటు అని పిలిచే రేడియేషన్ మూడో వారం నడుస్తోంది, దానితోపాటు వారానికొక కీమో. నోరంతా పూసి ఉంది. గ్లాసెడు మజ్జిగ తాగడానికి ముప్పావు గంట పట్టేది.

మా బావ, అంటే మామయ్య పెద్దకొడుకు, సంతోషం పట్టలేక, "చూడు నాయనా, యువరాజ్ తిరిగొచ్చాడు. నువ్వు గూడా అట్టాగే లేచి తిరుగుతావు," అన్నాడు. మామయ్య కాసేపు తెర వైపే చూసి, మాట సరిగా పలకని నోటితో, ఒక్కొక్క ముక్కే కూడదీసుకుని, "ఆ పిల్లోడు అన్నం ఎట్టా మింగుతున్నాడంట?" అని అడిగారు.

మా ఇద్దరిలో ఎవరికీ జవాబు తెలియదు. ఆ రాత్రి యువరాజ్ 34 పరుగులు చేశాడు, భారత్ ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. ఆట ముగియకముందే మామయ్య గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆ ప్రశ్న అప్పుడు నాకు పెద్దాయన చాదస్తంలా అనిపించింది. ఏడేళ్ళ తర్వాత, 2019లో, నా రొమ్ములో గడ్డ తగిలి, ముక్క పరీక్ష చేయించుకుని, కాగితం చేతికి వచ్చాక గానీ దాని బరువు అర్థం కాలేదు. క్యాన్సర్‌ను జయించిన ప్రముఖులు రోగులకు స్ఫూర్తినిస్తారని పత్రికలు రాస్తాయి, టీవీలు చెబుతాయి, ఆసుపత్రుల గోడల మీద బొమ్మలు వేలాడతాయి. ఆ మాట నిజమా కాదా అన్నది నేను తీరిక వేళ వేసుకున్న ప్రశ్న కాదు. మామయ్య పక్కన కూర్చున్నదాన్నిగా ఒకసారి, ఆయన కూర్చున్న చోట కూర్చున్నదాన్నిగా మరోసారి దాన్ని ఎదుర్కొన్నాను. నాకు తోచిన జవాబు ఇది: ప్రముఖుల కథలు నిజంగా కదిలించేది జబ్బు లేనివాళ్ళను. జబ్బున్నవాళ్ళకు కావలసింది తమ దారిలోనే, తమకంటే నాలుగడుగులు ముందు నడిచిన మనిషి. ఒక ప్రముఖుడు అలాంటి మనిషి కావడం అరుదుగా జరుగుతుంది. జరిగినప్పుడు మాత్రం అతని కీర్తి అడ్డం రాదు.

నేను కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. జబ్బు సంగతి తెలిశాక మొదటి రెండు నెలల్లో మా ఇంటికి వచ్చినవాళ్ళు తక్కువ కాదు. పండ్లు, హార్లిక్స్ సీసాలు, తిరుపతి ప్రసాదం, వాటితోపాటు ఒక పేరు తెచ్చేవాళ్ళు. మగవాళ్ళయితే యువరాజ్ సింగ్, ఆడవాళ్ళయితే మనీషా కొయిరాలా, అప్పుడప్పుడు సోనాలీ బెంద్రే. "ఆమెకు తగ్గలేదా? మళ్ళీ సినిమాలు చెయ్యట్లేదా?" అనేవాళ్ళు. వాళ్ళ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఇన్నేళ్ళలో నేను గమనించిన ఒక విషయం చెప్పక తప్పదు. ఆ పేర్లు ఎప్పుడూ వచ్చినవాళ్ళ నోటి నుంచే వచ్చాయి. కీమో గదిలో నా పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు తమంతట తాము అలాంటి పేరు ఎత్తడం నేను విన్నది ఒక్కసారి, దాని గురించి తర్వాత చెబుతాను. చూడడానికి వచ్చిన మనిషికి మన ముందు కూర్చోవడం కష్టం. ఏం మాట్లాడాలో తెలియదు, మనం ఏడుస్తామేమోనని భయం. ఆ పేరు చెప్పగానే మాట ఒక మంచి చోట ఆగుతుంది, లేచి వెళ్ళడానికి వీలవుతుంది. ఆ పేరు వాళ్ళకు ఊరట. నాకు మాత్రం, రాత్రి నిద్ర పట్టడం లేదనో, పిల్లల ఫీజుల సంగతి ఏమవుతుందోననో చెప్పబోయిన మాట గొంతులోనే ఉండిపోయేది. అంత పెద్ద సినిమా నటి ధైర్యంగా నిలబడితే, నేను ఇంత చిన్నదానికి బెంగపడుతున్నానన్న సిగ్గు కూడా దానికి తోడయ్యేది.

ఇక నాకు నిజంగా ధైర్యం ఇచ్చిన మనిషి సంగతి. ఆమెది కోవూరు. కూరగాయల వ్యాపారం. నాకంటే మూడు కీమోలు ముందున్నది. నెల్లూరులో మొదటిరోజు, రక్తనాళం దొరక్క సిస్టరు రెండుసార్లు గుచ్చి తీసినప్పుడు, నేను కళ్ళు మూసుకుని వణుకుతుంటే, ఆమె తన కుర్చీలోంచి, "టీచరమ్మా, ఈసారి వచ్చేటప్పుడు పొద్దున్నించే చెంబుడు నీళ్ళు తాగి రా. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు చెయ్యి పెట్టుకో. నరం అదే పైకి లేస్తది," అన్నది. ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది గుచ్చనివ్వొద్దని, బీపీ కట్టనివ్వొద్దని, ఆ చేత్తో నీళ్ళ బిందె ఎత్తొద్దని చెప్పింది. వేడన్నం వాసనకే వాంతి వస్తుంది కాబట్టి చల్లారిన పెరుగన్నం డబ్బాలో తెచ్చుకోమంది. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో రోజుకు నాలుగుసార్లు పుక్కిలిస్తే నోరు పూయడం తగ్గుతుందని చెప్పింది. మామయ్యకు ఆ మాటను మొదటి వారంలోనే అంత గట్టిగా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

ఒకరోజు ఆమె నన్ను తెర చాటుకు తీసుకెళ్ళి, జాకెట్టులోంచి ఒక చిన్న గుడ్డసంచి తీసి చూపించింది. పాత నూలుచీర ముక్కతో అరచేయంత గుండ్రంగా కుట్టిన సంచి అది. లోపల దూది, దూది మధ్యలో రెండు గుప్పిళ్ళ ఆవాలు. వట్టి దూది పెడితే తేలికై పైకి జరుగుతుందని, నలుగురిలో పదేపదే సర్దుకోవలసి వస్తుందని, ఆవాలు వేస్తే బరువుకు నిలబడుతుందని, రోహిణీకార్తె ఎండలో చెమట పట్టినా నూలుగుడ్డ పీల్చుకుంటుందని, వారానికోసారి కుట్టు విప్పి ఆవాలు మార్చుకోవాలని చెప్పింది. ఆ సంచిని నా చేతిలో పెట్టినప్పుడు అది ఇంకా వెచ్చగా ఉంది. మళ్ళీ బడికి వెళ్ళి పిల్లల ముందు బోర్డు మీద రాయగలనన్న నమ్మకం నాకు ఆ క్షణంలో కలిగింది. ఆమె పేరు ఏ పత్రికలోనూ రాదు.

ప్రముఖులకు డబ్బుంది, న్యూయార్కు వెళ్ళగలరు, మనకు ఆరోగ్యశ్రీ కార్డే దిక్కు, కాబట్టి పోలిక కుదరదు అని చాలామంది వాదిస్తారు. అది నిజమే గానీ, అసలు తేడా అక్కడ లేదని నా అభిప్రాయం. క్యాన్సర్ అన్నది ఒక్క జబ్బు కాదు. యువరాజ్‌కు వచ్చింది బీజకణాల నుంచి పుట్టే కణితి. ఆ కుటుంబానికి చెందిన వృషణాల క్యాన్సర్ శరీరమంతా పాకితే 1970లకు ముందు బతికేవాళ్ళు బహు తక్కువ. 1974లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే యువ వైద్యుడు సిస్‌ప్లాటిన్ అనే మందును మరో రెండు మందులతో కలిపి జాన్ క్లేలాండ్ అనే యువకుడికి ఇచ్చారు. అతని క్యాన్సర్ పూర్తిగా పోయింది. ఆ చికిత్స వచ్చాక పాకిపోయిన దశలో కూడా నూటికి దాదాపు ఎనభై మంది బతకడం మొదలైంది. సైకిల్ పందేల లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో జబ్బు బయటపడితే అదే ఇండియానాలో నయమైంది. 2012లో యువరాజ్‌ను చూసిందీ అదే ఐన్‌హార్న్. ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ డి ఫ్రాన్స్ పందెంలో సాధించిన గెలుపులన్నీ ఉత్ప్రేరకాల పుణ్యమని తేలి, 2012లో ఆయన ఏడు టైటిళ్ళూ రద్దయ్యాయి. ఆయన గెలుపు అబద్ధమైంది. ఆయనకు జబ్బు తగ్గడం మాత్రం అబద్ధం కాలేదు, ఎందుకంటే తగ్గించింది ఆయన గుండె నిబ్బరం కాదు, ఆ మందు.

ఆ సిస్‌ప్లాటినే చెన్నైలో మా మామయ్యకూ ఎక్కించారు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఆయన పాత కాగితాలు సర్దుతున్నప్పుడు తెలిసింది. ఆ సోమవారాలు నాకు బాగా గుర్తు. మూత్రపిండాలు పాడుకాకుండా ముందు రెండు సెలైన్లు, తర్వాత నల్లకాగితం చుట్టిన సీసా, మళ్ళీ సెలైను. ఎంత నీరు లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అని బావ నోటుబుక్కులో రాసుకునేవాడు. రెండు రోజులపాటు చెవుల్లో ఈల మోగుతున్నట్టుందని మామయ్య అనేవారు. 1960లలో బార్నెట్ రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, విద్యుత్తు ప్రభావం చూద్దామని సూక్ష్మజీవులున్న ద్రవంలో ప్లాటినం తీగలు పెడితే, ఆ సూక్ష్మజీవులు విడిపోవడం మానేసి పొడుగ్గా సాగిపోయాయట. ఆ ప్లాటినం నుంచి పుట్టిన మందది. మన దేశంలో సీసా వందల రూపాయల్లోనే దొరుకుతుంది. టంగుటూరు వేలం కేంద్రంలో పొగాకు బేళ్ళు అమ్ముకుని బతికిన రైతు నరంలోకి, ప్రపంచకప్పు గెలిపించిన ఆటగాడి నరంలోకి దిగింది ఒకటే మందు. ఒకరికి పూర్తిగా పనిచేసింది, ఇంకొకరికి ఏడాది పనిచేసింది. ఆ తేడా జబ్బు రకంలో, అది బయటపడిన దశలో ఉంది. మామయ్య దవడ పక్కన పుండును పంటి మొన గీరుకుని వచ్చిందనుకుని ఏడు నెలలు పసుపు అద్దుకుంటూ గడిపారు. చుట్ట మానలేదు. మనుషుల ధైర్యాలను పక్కపక్కన పెట్టి తూచేవాళ్ళకు ఈ లెక్క తెలియదు.

తెలియకపోవడం వల్ల జరిగే కీడు చిన్నది కాదు. "ధైర్యంగా ఉంటే సగం జబ్బు తగ్గినట్టే" అన్న మాట మన దగ్గర ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. తగ్గినవాళ్ళు ధైర్యవంతులని చెబితే, తగ్గనివాళ్ళు ధైర్యం చాలనివాళ్ళని చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. మామయ్యకు 2013లో మెడ దగ్గర మళ్ళీ గడ్డ కనిపించినప్పుడు ఆయన అత్తయ్యతో అన్న మొదటి మాట, "నేనే సరిగ్గా దిటవు చేసుకోలేకపోయాను," అని. పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రుళ్ళు నిద్రకాచి, రెండు కరవులు దాటి, ముగ్గురు పిల్లలను చదివించిన మనిషి తన జబ్బు తిరగబెట్టడానికి తన పిరికితనమే కారణమనుకున్నారు. అమెరికాలో జేమ్స్ కోయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2007లో ప్రచురించిన పరిశోధన గురించి అప్పుడు నాకు తెలిసి ఉంటే ఆయనకు చదివి వినిపించేదాన్ని. తల, మెడ భాగాల్లో క్యాన్సర్ ఉన్న 1,093 మందిని, అంటే సరిగ్గా మామయ్య లాంటి రోగులను, వాళ్ళు పరిశీలించారు. మనసు ఉల్లాసంగా ఉండడానికీ ఎంతకాలం బతికారన్న దానికీ సంబంధం కనబడలేదు. ఈ ఫలితం చాలామందికి నిరాశ కలిగించవచ్చు. నేను మొదటిసారి చదివినప్పుడు మాత్రం గుండెల మీద నుంచి పెద్ద రాయి దించినట్టయింది. నాకు ఏడుపు వస్తే ఏడవవచ్చు, దానివల్ల మందు పని చెడదు.

ఇప్పుడు ఆ ఒక్కసారి సంగతి. నేను కీమోకు వెళ్ళే రోజుల్లో ఉదయగిరి వైపు నుంచి పంతొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు తల్లితో వచ్చేవాడు. జబ్బు ఎక్కడో చెప్పడానికి సిగ్గుపడి మూడు నెలలు దాచాడని వాళ్ళమ్మ కళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది. వాడి ఫోను తెర మీద యువరాజ్ బొమ్మ ఉండేది. ఒకరోజు నేనే అడిగాను. "ఆయనకు ఇచ్చిన మందులే నాకూ ఇస్తున్నారు మేడం. డాక్టరు గారు చెప్పారు. ఆయనకు మూడు సైకిళ్ళు, అంటే మూడు విడతలు, నాకు నాలుగు," అన్నాడు. వాడు యువరాజ్ సిక్సర్ల గురించి మాట్లాడలేదు. గుండు ఎన్ని నెలలకు పోయి జుట్టు వచ్చింది, ఎన్ని నెలలకు పరిగెత్తగలిగాడు అన్నది లెక్కపెట్టుకుంటున్నాడు. వాడి విషయంలో స్ఫూర్తి నూటికి నూరు పాళ్ళూ నిజం. ఎందుకంటే జబ్బు ఒకటే, మందు ఒకటే, వయసూ కొంచెం దగ్గరే. కోవూరు అక్క నాకు ఏమైందో యువరాజ్ వాడికి అదే అయ్యాడు. ఆ అబ్బాయిని చూశాకే, నేను ప్రముఖులను తప్పుపట్టడం మానేసి, దారి కలిసిందా లేదా అని చూడడం మొదలుపెట్టాను.

జబ్బు లేనివాళ్ళ మీద ప్రముఖుల ప్రభావం మాత్రం ఎంతో బలమైనది, అందుకు ఆధారాలున్నాయి. 2005లో ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్ తనకు రొమ్ము క్యాన్సర్ అని ప్రకటించాక, ఆ వార్త నడిచిన రెండు వారాల్లో అక్కడ మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే పరీక్షకు పేరు నమోదు చేసుకున్నవాళ్ళు 40 శాతం పెరిగారు. బ్రిటన్‌లో జేడ్ గూడీ అనే టీవీ తార గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో 2009 మార్చిలో చనిపోయింది. ఆమె జబ్బు బయటపడినప్పటి నుంచి ఏడాది లోపల ఇంగ్లండులో అదనంగా దాదాపు ఐదు లక్షల పరీక్షలు జరిగాయని లెక్క తేలింది. ఆమె జయించలేదు, ఇరవై ఏడేళ్ళకే పోయింది. అయినా అన్ని లక్షల మంది ఆడవాళ్ళు ఇంట్లోంచి కదిలారు.

మా ఇంట్లోనే చూడండి. మా అమ్మ కడుపు ఉబ్బి, నీరు చేరి, పేరు తెలియని జబ్బుతో పోయింది. అది అండాశయ క్యాన్సర్ అయి ఉండవచ్చని నా డాక్టరమ్మ అన్నప్పటి నుంచి, పరీక్ష చేయించుకోమని మా చెల్లెలిని రెండేళ్ళు బతిమాలాను. "నాకేం లేదక్కా, అపశకునం మాటలెందుకు," అనేది. 2021 డిసెంబరులో మన తెలుగు నటి హంసానందిని గుండుతో ఉన్న తన ఫొటో పెట్టి, తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, తల్లి కూడా అదే జబ్బుతో పోయిందని, వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం తనలో ఉన్నట్టు తేలిందని రాసింది. ఆ మర్నాడు పొద్దున్నే మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, మనకు గూడా అట్టాంటిది ఉంటుందా?" అని అడిగింది. వారం తిరగకుండా నెల్లూరు వెళ్ళి పరీక్ష చేయించుకుంది. సొంత అక్క, గుండుతో, పక్క గదిలో పడుకుని చెప్పినా చెవికెక్కని మాట ఒక నటి చెబితే ఎక్కింది. నాకు మొదట కష్టం కలిగింది, దాచను. కానీ చెల్లెలు వెళ్ళింది. హంసానందినికి ఆ ఒక్క విషయంలో నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

అందుకే, ప్రముఖులు మాట్లాడేటప్పుడు పరీక్ష గురించి చెప్పే మాట, గెలుపు గురించి చెప్పే మాట కంటే విలువైనదని నమ్ముతాను. 2023 జూన్‌లో చిరంజీవి గారు పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్ష చేయించుకుంటే పాలిప్స్ అనే చిన్న బుడిపెలు బయటపడ్డాయని, అవి క్యాన్సర్ కావని, తీయించుకున్నానని ఒక సభలో చెప్పారు. కొన్ని వార్తల్లో అది ఆయనకు క్యాన్సర్ వచ్చి తగ్గినట్టుగా మారిపోయి, ఆయనే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ముందే పరీక్ష చేయించుకుంటే జబ్బు కాకముందే తీసేయవచ్చన్న బంగారం లాంటి మాట ఆ గందరగోళంలో ఎవరి చెవినా పడలేదు. గెలుపు కథ కోసం మన ఆకలి అంతటిది. దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు నూటికి 1.9 మందేనని, రొమ్ము పరీక్ష అయితే 0.9 మందేనని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది.

అంత చెవి ఒగ్గి వినే జనం ఉన్నప్పుడు ఆ నోటికి బాధ్యత కూడా అంతే ఉండాలి. 2024 ఫిబ్రవరి 2న నటి పూనమ్ పాండే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిందని ఆమె ఖాతా నుంచే ప్రకటించి, మరునాడు బతికే ఉన్నానని, అవగాహన కోసమే చేశానని చెప్పారు. ఆ జబ్బుతో నిజంగా తల్లిని పోగొట్టుకున్న పిల్లలు నా తరగతిలో ఇద్దరున్నారు. అదే ఏడాది నవంబరులో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ తన భార్యకు నాలుగో దశ క్యాన్సర్ తగ్గిన సంగతి చెబుతూ వేపాకు, పసుపు, నిమ్మనీళ్ళు, చక్కెర మానడం గురించి గొప్పగా మాట్లాడారు. ఆమెకు ఆపరేషన్, కీమో కూడా జరిగాయి. ముంబయి టాటా ఆసుపత్రిలో పనిచేస్తున్న, పనిచేసిన క్యాన్సర్ వైద్యులు 262 మంది సంతకాలు పెట్టి, వీటిని నమ్మి చికిత్స ఆలస్యం చేసుకోవద్దని ప్రజలను కోరారు. ఆ ఆహారం చికిత్సకు తోడు మాత్రమేనని సిద్ధూ తర్వాత వివరించారు. వివరణ ఎప్పుడూ మొదటి మాటంత దూరం ప్రయాణించదు.

మామయ్య దగ్గరకు మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఆయనను కదిలించిన ప్రముఖుడు ఒకరున్నారు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు గారు పత్రికల వాళ్ళను పిలిచి, తనకు పేగు క్యాన్సర్ వచ్చిందని తన నోటితోనే చెప్పారు. అప్పటికి మామయ్యకు గడ్డ తిరగబెట్టి రెండు నెలలయింది. ఊళ్ళో ఎవరైనా అడిగితే "పంటి నొప్పి" అనే చెప్పేవారు. పెళ్ళికెదిగిన మనవరాలుంది, రాచపుండు అన్న మాట బయటికొస్తే సంబంధాలు రావని అత్తయ్య భయం. ఆ సాయంత్రం టీవీలో నాగేశ్వరరావు గారిని చూసి మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. పడుచుతనంలో ఒంగోలుకు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఆయన సినిమాలు చూసిన మనిషి. మర్నాడు అరుగు మీద కూర్చుని, దారిన పోతూ పలకరించిన కరణం గారి అబ్బాయితో, "నాకు క్యాన్సరబ్బాయ్, నాగేశ్వరరావుకు వచ్చినట్టే," అన్నారు. ఆ తర్వాత దాచుకోవడం మానేశారు. చూడడానికి జనం వచ్చారు, పక్కన కూర్చున్నారు, మెత్తగా చేసిన సంగటి తెచ్చిచ్చారు. నాగేశ్వరరావు గారు తన చివరి సినిమాకు డబ్బింగ్ పూర్తి చేసి, 2014 జనవరి 22న వెళ్ళిపోయారు. మామయ్య మరో యాభై రోజులకు.

నాగేశ్వరరావు గారు జయించలేదు. తగ్గిందని, తగ్గుతుందని కూడా మామయ్యకు చెప్పలేదు. ఒక మాటను నలుగురిలో పలకవచ్చని మాత్రమే చూపించారు. తిరిగి బ్యాటు పట్టిన ఆటగాడు చేయలేని పనిని మూడు నెలల్లో చనిపోయిన నటుడు చేశాడంటే, "జయించినవాళ్ళే" స్ఫూర్తి అన్న మాటలోనే ఏదో పొరపాటు ఉన్నట్టు లెక్క. మామయ్య దారి ఎటు పోతుందో ఆయనకు తెలుసు. ఆ దారిలోనే నడుస్తూ తల ఎత్తుకున్న మనిషి ఆయనకు కనబడ్డారు.

పేరున్నవాళ్ళు చేయగలిగిన ఇంకో పని ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. తొలితరం వైద్యురాలు ముత్తులక్ష్మీ రెడ్డి గారు చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకుని, ఆ దుఃఖాన్ని దశాబ్దాలు మోసి, 1954లో చెన్నై అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను నిలబెట్టారు. ఎన్.టి. రామారావు గారి సతీమణి బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో పోయారు. ఆమె పేరుతో హైదరాబాదులో 2000లో ఆసుపత్రి తెరిచారు. ఒంగోలులో, సింగరాయకొండలో, కావలిలో పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఎక్స్‌రే కవర్లు ఒళ్ళో పెట్టుకుని చెన్నై వెళ్ళే మా జిల్లాల జనానికి ఒక మంచం దొరకడమే కావలసిన ధైర్యం.

ఈ వ్యాసం సగం రాసి ఉండగా, పోయిన ఆదివారం జలదంకి నుంచి ఒకామె ఫోన్ చేసింది. మా బడిలో చదివిన పిల్ల వాళ్ళమ్మ. ఆపరేషన్ అయి ఇరవై రోజులట, మంగళవారం మొదటి కీమో. ఎంతసేపటికీ అసలు విషయానికి రాలేక, చివరికి గొంతు తగ్గించి, "టీచరమ్మా, ఆ ఎర్ర మందు ఎక్కించేటప్పుడు మంట పుడతదంట గదా, ఓర్చుకోవాలంటనా?" అని అడిగింది. ఓర్చుకోవద్దని చెప్పాను. మంట పుట్టకూడదని, ఏమాత్రం చురుక్కుమన్నా మందు నరం బయటికి పోతున్నదేమోనని వెంటనే సిస్టరును పిలవాలని, మొహమాటపడి ఊరుకోవద్దని చెప్పాను. ఆ రోజు, మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని భయపడవద్దన్నాను. పెరుగన్నం తెచ్చుకోమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు వస్తావా?" అంది.

మంగళవారం నాకు సెలవు లేదు, పెట్టుకున్నాను. ఏడింటికి కావలి బస్టాండులో నెల్లూరు బస్సులు ఆగేచోట నిలబడతానని చెప్పాను. ఆవాల సంచి ఒకటి కొత్తది కుట్టి పెట్టాను.